ఊఁ కొట్టిన రెండు వందల పద్నాలుగు మంది

ఆ పరిశోధన సంస్థలో అందరూ మాట్లాడేవాళ్ళే. వినడానికి మాత్రం ఒకే ఒక్క మనిషిని పెట్టుకున్నారు. మెట్ల కింద విరిగిన కుర్చీలు పడేసే గదిని సగం ఖాళీ చేసి ఆమెకు బల్ల వేశారు. మిగతా సగంలో కుర్చీలు అలాగే ఉన్నాయి. ఉదయం పదింటికి నల్లటి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే సాయంత్రం అయిదింటికి తీస్తుంది. ఇన్నేళ్ళ ఒత్తిడికి చెవుల మీద జుట్టు రెండు పక్కలా అణిగిపోయి సెలవు రోజున కూడా లేవదు. ఆఫీసులో ఆమెను హెడ్‌ఫోనమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, ఎవరూ వాడకపోవడం వల్ల ఇంకా కొత్తగానే ఉంది.

ఉద్యోగం పేరు తాత్కాలిక భాషా సహాయకురాలు. ఆ తాత్కాలికానికి ఇరవై రెండేళ్ళు నిండాయి. ఈలోగా ముగ్గురు పర్మనెంటు డైరెక్టర్లు వచ్చి వెళ్ళారు.

ఆమె ఏటవతలి మనిషి. ఊరు పుట్టకముందు నుంచీ ఆ గట్టు మీద బతుకుతున్న జనాన్ని ఊళ్ళోవాళ్ళు ‘ఏటవతలి వాళ్ళు’ అంటారు. వాళ్ళ లెక్కలో ఊళ్ళోవాళ్ళే ఏటికి అవతల ఉన్నారు. కానీ ఆ ముక్క వాళ్ళనెవరూ అడగలేదు. వాళ్ళకు వేరే భాష ఉంది. దాని మీద పదకొండు మంది డాక్టరేట్లు తీసుకున్నారు. ఆ పదకొండు మందిలో ఒక్కరికీ ఆ భాషలో మంచినీళ్ళు అడగడం రాదు.

ఆమెకు పందొమ్మిదేళ్ళప్పుడు ఒక ప్రొఫెసరు రికార్డింగు యంత్రం భుజాన వేసుకుని ఏరు దాటాడు. మంచివాడే. కిందే కూర్చునేవాడు, పెట్టింది తినేవాడు, పిల్లలకు పెన్సిళ్ళు పంచేవాడు. అంత మంచివాడు గనుకే అంత పని జరిగింది. అక్కడ పదో తరగతి దాకా చదివిన పిల్ల ఈమె ఒక్కతే కాబట్టి దుబాసిగా పెట్టుకున్నాడు. చుట్టరికాలు, వైద్యం, పాత సంగతులు, ఏవైనా సరే చెప్పమన్నాడు. మీరు మాట్లాడండి మేం వింటాం అన్నవాడు అప్పటిదాకా అక్కడికి రాలేదు. ఇక ఆగుతారా? ఏడు నెలల్లో రెండు వందల పద్నాలుగు మంది కడుపులో ఉన్నదంతా కక్కేశారు. ఏ బెరడు ఏ నొప్పికి పనికొస్తుంది, అది ఏ గుట్ట వెనకాల దొరుకుతుంది, ఎవరి గట్టు ఎవరు జరిపారు, ఎవరి బిడ్డకు ఎవరి పోలికలు వచ్చాయి, అన్నీ.

మాట మొదలుపెట్టే ముందు ఒక సమ్మతి పత్రం చదవాలి. మీరు చెప్పేది దాచుకుంటాం, ఇతరులకు ఇస్తాం, అచ్చు వేస్తాం, సమ్మతమేనా అంటూ పదకొండు వాక్యాలు. ప్రొఫెసరు ఒక్కో వాక్యం చదివితే ఆమె తమ భాషలోకి తిప్పేది. వినేవాళ్ళు వాక్యానికొకటి చొప్పున ‘ఊఁ’ కొట్టేవారు. చెబుతున్న మనిషికి ఊఁ కొట్టకపోతే ముఖం మీద తలుపు వేసినట్టే లెక్క. అయితే ఆ భాషలో ‘అవును’ అనే మాట లేదు. ఇస్తావా అని అడిగితే ‘ఇస్తాను’ అనాలి, లేదంటే ‘ఇవ్వను’ అనాలి. ఊఁ అంటే ‘వింటున్నాను, కానియ్’ అని. అంతకు మించి పిసరంత కూడా కాదు.

ఫారంలో మాత్రం రెండే గళ్ళున్నాయి. అవును, కాదు.

“ఏమన్నారమ్మా?” అని అడిగాడు ప్రొఫెసరు మొదటిరోజు.

“ఊఁ అన్నారండీ.”

“అయితే అవును దగ్గర టిక్కు పెట్టు.”

పెట్టింది. మర్నాడూ పెట్టింది. ‘కాదు’ అని మాత్రం ఎవరూ అనలేదు గదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. కొత్త ఉద్యోగం, కొత్త పెన్ను. రెండు వందల పద్నాలుగు టిక్కులూ ఒకే కొలతలో ముచ్చటగా వచ్చాయి. ప్రొఫెసరు పుస్తకం రాశాడు, పేరు తెచ్చుకున్నాడు, పోయాడు. క్యాసెట్లు సంస్థకు మిగిలాయి. వాటితోపాటు వచ్చిన సామానులా ఆమె కూడా మిగిలింది.

నిరుడు ఆ సంస్థకు నీతి వచ్చింది. దాన్ని వెంటబెట్టుకొచ్చిన అధికారిని సూత్రాల సారు అంటారు. లాప్‌టాప్‌ను వేడి పాలగిన్నెలా రెండు చేతులతో పట్టుకుని నడిచే మనిషి. వచ్చిన నెలలోనే ‘ఆదివాసుల సమాచార నిర్వహణకు పది నైతిక సూత్రాలు’ రాసి, అద్దం బిగించి, డైరెక్టరు గది ముందు వరండాలో వేలాడదీశాడు. సమాచారం ఆ ప్రజలదే. నిర్ణయం ఆ ప్రజలదే. సంస్థ కేవలం కాపలా మనిషి. వద్దన్నది తీసేయాలి. ఇలా పదీ బంగారం లాంటి మాటలే. ఆ వరండాలోకి రావాలంటే గేటు దగ్గర పాసు కావాలి. పాసుకు ఊళ్ళో చిరునామా కావాలి. అందువల్ల ఆ ప్రజలు తప్ప తక్కినవాళ్ళందరూ ఆ సూత్రాలు చదివారు.

ఒక కమిటీ కూడా వేశారు. అందులో ‘ఆ ప్రజల ప్రతినిధి’ కోసం ఒక కుర్చీ కేటాయించారు. మనిషిని వెతికే తీరిక లేక కుర్చీని మాత్రం ప్రతి సమావేశానికీ తెప్పించారు. సూత్రాలు ఏకగ్రీవంగా నెగ్గాయి. కుర్చీ అభ్యంతరం చెప్పలేదు.

ఈ ఏడు ఫోన్లకు మాటలు నేర్పే ఒక పెద్ద కంపెనీ ఆ రికార్డులన్నీ అడిగింది. డైరెక్టరు గారికి రిటైరయ్యే లోపు ఒక్క ఒప్పందమైనా చేసి ఫోటో దిగాలని ఉంది. కంపెనీ ఒకే కాగితం కోరింది. సమ్మతులన్నీ సరిచూశాం అని, ఆ భాష తెలిసినవాళ్ళ సంతకంతో. సంస్థ మొత్తంలో ఆ భాష తెలిసింది మెట్ల కింద ఉన్న మనిషికే. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆమెకు డైరెక్టరు గదిలో కుర్చీ చూపించారు.

“చిన్న సంతకం అమ్మా. వచ్చే శుక్రవారం వాళ్ళొస్తున్నారు” అన్నాడాయన.

“వారం రోజులు విని చెబుతాను సార్.”

“వినడానికేముంది? నువ్వు పెట్టిన టిక్కులేగా!”

“అందుకే సార్” అంది.

విన్నది. అందరి ముందుమాటలూ విన్నది. పదకొండు వాక్యాలు, పదకొండు ఊఁలు. ముసలి ఊఁ, ఆవులింత ఊఁ, బిడ్డకు పాలిస్తూ పలికిన ఊఁ. ‘ఇస్తాను’ అన్న మాట ఒక్క చోటా లేదు. ఎందుకు లేదంటే, ‘ఇస్తావా’ అని ఆమె ఒక్కరినీ అడగలేదు. చదివినది చదివినట్టు చెప్పుకుంటూ పోయింది. తప్పు వాళ్ళ ఊఁలో లేదు, తన నోట్లో ఉంది.

బుధవారం వెళ్ళి ఆ సంగతి చెప్పింది. డైరెక్టరు కళ్ళజోడు తీశాడు.

“ఊఁ అంటే ఊఁ కాదా?”

“ఊఁ కొట్టడం వేరు, ఊఁ అనడం వేరు సార్. మీ భాషలో మాత్రం తేడా లేదా? పిల్లలు కథ వింటూ ఊఁ కొడతారు. రాక్షసుడు రాకుమారిని ఎత్తుకుపోయాడు అన్నా ఊఁ అనే అంటారు. ఎత్తుకుపొమ్మని కాదుగా.”

సూత్రాల సారు ముఖం వెలిగిపోయింది. “ఇది చాలా లోతైన విషయం మేడమ్. దీనికో పేరు పెట్టాలి. శ్రవణ సమ్మతి అందాం. కాగితంలో ఒక గడి పెంచితే సరిపోతుంది.”

“సమ్మతి లేదంటుంటే మళ్ళీ సమ్మతి అనే పేరేంటి సార్?”

“అందుకే ముందు శ్రవణ అని పెట్టాను కదా.”

డైరెక్టరు మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. “చూడమ్మా, నీ పర్మనెంటు ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది. శుక్రవారం తర్వాత తీరిగ్గా చూద్దాం” అన్నాడు. ఆ ఫైలు ఆయన బల్ల మీద లేదని ఆమెకు తెలుసు. అది మెట్ల కింద గదిలో కుర్చీల మధ్య పడి ఉంది. దుమ్ము దులిపేటప్పుడు తనే చూసింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. గ్రీజు చేతులు కడుక్కుంటూ విని, “మా దగ్గరా అంతే” అన్నాడు. “ఇంజనులో ఫలానాది పోయింది, విప్పాలి అని చెబుతుంటే డ్రైవరు ఊఁ ఊఁ అంటాడు. మొత్తం విప్పి నేల మీద పరిచాక, నిన్ను విప్పమన్నదెవరయ్యా అంటాడు.”

“అప్పుడేం చేస్తావ్?”

“ఏం చేస్తాను, బిగిస్తాను. నువ్వూ బిగించు.”

“నేను విప్పింది మనుషుల్ని.”

“అయితే నాకన్నా పెద్ద మెకానిక్కువి” అన్నాడు ఆయన. ఆమెకు నవ్వు రాలేదు. అది గమనించి, మర్నాడు సెలవు పెట్టి పిన్నిని అడిగి రమ్మన్నాడు.

పిన్ని అంటే ఆమె తల్లికి చెల్లెలు. ఏటవతల ఒంటరిగా ఉంటుంది. కాళ్ళు నొప్పులు గానీ నోరు గట్టిది. క్యాసెట్లలో ఎనభై ఏడో నంబరు ఆవిడదే. పైన ‘బంధుత్వ వ్యవస్థ, మౌఖిక ఆధారాలు’ అని చీటీ ఉంది. లోపల ఉన్నది పక్కింటి కాపురం. పక్కింటావిడ పెద్దకొడుకు పక్కింటాయనకు పుట్టలేదని, ఎవరికి పుట్టాడో, ఎప్పుడో, కాన్పు చేసిన చేతులతో తనకు తెలుసని, పిన్ని నవ్వుతూ నలభై నిమిషాలు చెప్పింది. ఆ పక్కింటావిడ పోయింది. ముసలాయన ఉన్నాడు. ఆ పెద్దకొడుకు ఇప్పుడు వ్యాను నడుపుకుంటూ, ఆయనకు అన్నం కలిపి పెడుతూ, ఆయన్ని చంటిపిల్లాడిలా చూసుకుంటున్నాడు.

సంగతి వినేసరికి పిన్ని చేతిలో చేట ఆగిపోయింది.

“అదింకా ఉందా? గాలికి పోయిందనుకున్నానే!”

“డబ్బాలో పడింది పోదు పిన్నీ. ఇప్పుడు వేరేవాళ్ళకు ఇస్తారట.”

“ఎవరికి?”

“ఫోన్లకు. రేపు ప్రతి ఫోనూ మన భాష మాట్లాడుతుందట.”

“నా నోటితోనా? పక్కింటోడి ఫోనులో పక్కింటోడి పుట్టుక చెబుతుందా?” పిన్ని చేట కింద పెట్టింది. “ఆ డబ్బాని నా గుమ్మంలోకి తెచ్చింది ఎవరే? నువ్వే కదూ! కబుర్లు చెప్పు పిన్నీ అన్నావు. నా చెల్లెలి కూతురని... కాదు, నా అక్క కూతురని చెప్పుకున్నాను. చూడు, కోపంలో నీ చుట్టరికం కూడా మర్చిపోతున్నా.”

“తప్పయింది పిన్నీ.”

“తప్పయితే తుడువు.”

ఈలోగా సంస్థలో ఇంకో ఆలోచన పుట్టింది. ప్రతినిధి కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి, శుక్రవారం సభకు రికార్డుల్లో ఉన్నవాళ్ళలో ఎవరినైనా తెచ్చి కూర్చోబెట్టి, అందరి ముందూ సమ్మతి తీసుకుంటే సరి. హెడ్‌ఫోనమ్మ సంతకంతో పనే ఉండదు. జాబితా చూసి, దగ్గర్లో ఉన్నదని, ఎనభై ఏడో నంబరును పిలిచారు. కబురు పక్కింటి పెద్దకొడుకు, ఆ వ్యాను డ్రైవరుకే అందింది. పిన్నిని ఎక్కించుకుని వచ్చిందీ అతనే. పిన్ని ఎందుకు వచ్చిందంటే, డబ్బా ఎక్కడుందో కళ్ళారా చూద్దామని.

హాల్లో కంపెనీ వాళ్ళు ముగ్గురు, సంస్థ వాళ్ళు ముప్పై మంది. పిన్నిని మధ్యలో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్ళు నేలకు అందక వేలాడుతున్నాయి. హెడ్‌ఫోనమ్మను పక్కన యంత్రం దగ్గర నిలబెట్టారు. సూత్రాల సారు పది సూత్రాలూ వివరణలతో చదివాడు. ప్రొఫెసరు పుస్తకం చూసి రెండు రోజులు నేర్చుకుని మరీ ఏటవతలి భాషలో చదివాడు. అందువల్ల అది ఏ భాషో ఎవరికీ తెలియలేదు. అయినా పిన్ని ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టింది. గంటంపావు కొట్టింది. డైరెక్టరు గారు వేళ్ళు మడిచి లెక్కపెడుతూ, కంపెనీ వాళ్ళకేసి గర్వంగా చూశాడు.

“అన్నిటికీ ఒప్పుకున్నారు!” అన్నాడు లేచి. “ఇప్పుడు ఈ తల్లి గొంతు, ఇరవై రెండేళ్ళ కిందటిది, మీ అందరికీ వినిపిస్తాం. ఎనభై ఏడో రికార్డు పెట్టమ్మా. పెద్ద స్పీకర్లో.”

హెడ్‌ఫోనమ్మ చెయ్యి మీటకు దగ్గరగా వెళ్ళి ఆగింది. వ్యాను డ్రైవరు బయట ఎండగా ఉందని లోపలికొచ్చాడు. చివరి వరుసలో టీ గ్లాసుతో కూర్చుని, తాను పెద్దమ్మా అని పిలిచే పక్కింటి ఆవిడకు జరుగుతున్న మర్యాద చూసి మురిసిపోతున్నాడు. ఆ హాల్లో ఆ భాష తెలిసినవాళ్ళు ముగ్గురే. మూడోవాడు అతను.

“కానియ్యమ్మా” అన్నాడు డైరెక్టరు.

ఆమె హెడ్‌ఫోన్లు మెడలోకి దించింది. పిన్ని వైపు తిరిగి తమ భాషలో అడిగింది. “పిన్నీ, వినిపించనా?”

“వినిపించొద్దు.”

“వీళ్ళకు ఇస్తావా?”

“ఇవ్వను.”

“ఏమంటున్నారు?” అన్నాడు సూత్రాల సారు.

“వద్దంటోంది సార్. ఇవ్వనంటోంది.”

“అదెలా! గంట నుంచీ అన్నిటికీ ఊఁ అన్నారే!”

ఆమె ఆ మాట పిన్నికి చెప్పింది. పిన్ని అతన్ని జాలిగా చూసింది. “పాపం, ఆ అబ్బాయి గుటకలు మింగుతూ అంతసేపు చదువుతుంటే ఊఁ కొట్టకుండా ఎలా ఉంటామే? అంత మర్యాద తెలియనిదాన్నా?”

ఆమె అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరు ముఖం గంటు పెట్టుకున్నాడు. “సరే, ఈవిడది తీసేద్దాం. తక్కిన రెండు వందల పదమూడు మందికీ సమ్మతి పత్రాలున్నాయి” అన్నాడు కంపెనీ వాళ్ళతో.

కంపెనీ వాళ్ళలో లాయరుగా వచ్చిన ఆవిడ పెన్ను ఎత్తింది. “ఆ పత్రాల్లో కూడా ఇదే ఊఁయేనా? టిక్కులు పెట్టిందెవరు?” అని అడిగింది.

ప్రొఫెసరు మీదకు తోసేస్తే ఎవరూ కాదనరు. ఆయన లేడు కూడా. డైరెక్టరు కళ్ళతో ఆ దారే చూపిస్తున్నాడు.

“నేనే” అంది హెడ్‌ఫోనమ్మ. “రెండు వందల పద్నాలుగూ నేనే పెట్టాను. అందరూ విన్నారు. ఒక్కరూ ఇస్తామనలేదు. నేను అడగలేదు. ఆ టిక్కులు తప్పు.”

కంపెనీ సాయంత్రమే వెనక్కి వెళ్ళింది. నీతి కోసం కాదు. ఊఁ మీద కేసు పడితే కోర్టులో ఏం వాదించాలో లాయరమ్మకు తోచలేదు. హెడ్‌ఫోనమ్మకు తప్పుడు నమోదు కింద మెమో వచ్చింది. రికార్డులన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేశారు. మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి అడిగితే తప్ప ఎవరికీ ఇవ్వకూడదని కమిటీ తీర్మానించింది. అడగడానికి ఆ భాష తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అందుచేత ఉద్యోగం తీసేయడానికి వీల్లేక, మెమోను, ఇంటింటి పనిని కలిపి ఒకే కవరులో ఇచ్చారు.

ఆమె తిరుగుతోంది. గళ్ళ ఫారం తీసుకెళ్ళడం లేదు. నోటుబుక్కులో, అడిగిన మాట ఒక వైపు, వాళ్ళు అన్న మాట ఒక వైపు, అన్నది అన్నట్టు రాసుకుంటోంది. తన తండ్రి పాట ఊరంతా వినాలని ఒకతను ‘ఇస్తాను’ అన్నాడు. బెరడు సంగతి చెప్పినవాడి కొడుకు ఆమె మీదికి కుక్కను వదిలాడు. ఒకావిడ, మా అమ్మ గొంతు ఇన్నాళ్ళూ నీ చెవుల్లో పెట్టుకుని మాకు ఒక్కసారి వినిపించలేదేం అని నిలదీసింది. అది కూడా రాసుకుంది.

ఎనభై ఏడు తుడవాలంటే మూడు సంతకాలు కావాలి. మొదటిది పిన్ని వేలిముద్ర. రెండోది సూత్రాల సారుది. అతను ‘వద్దన్నది తీసేయాలి’ అనే తన నాలుగో సూత్రాన్ని మొదటిసారి ఎవరో వాడుతున్నారని సంబరపడి, రెండు చోట్ల పెట్టాడు. డైరెక్టరు నెల రోజులు నాన్చి, రిటైరయ్యే రోజు పెట్టాల్సిన కాగితాలన్నిటితో కలిపి చూడకుండా పెట్టేశాడు.

పిన్ని మళ్ళీ వ్యానెక్కి వచ్చింది. మెట్ల కింద గదిలో, తలుపు వేసి, పిన్ని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది ఆమె. నలభై నిమిషాలూ వినేదాకా పిన్ని మీట నొక్కనివ్వలేదు. ఒకట్రెండు చోట్ల తన మాటకు తానే పకపకా నవ్వింది. “నోరా అది, తాటిమట్టా? ఎంత సరదాగా చెప్పానే!” అని, వెంటనే నవ్వు మింగేసి, “తుడువు” అంది. కంప్యూటర్లోదీ పోయింది, క్యాసెట్టులోదీ పోయింది. పిన్ని ఉత్త టేపు తిరుగుతున్న చప్పుడు కాసేపు విని, అనుమానం తీరాక హెడ్‌ఫోన్లు తీసింది.

“ఇది టైపు చేసినప్పుడు మొత్తం విన్నావుగా నువ్వు?”

“విన్నాను.”

“మిగతా అందరివీ?”

“అందరివీ విన్నాను పిన్నీ.”

“మరి నిన్నెలా తుడవాలే?”

ఆమె హెడ్‌ఫోన్ల తీగ చుట్టి బల్ల మీద పెట్టింది. పిన్ని కర్ర అందుకుని లేచింది.

గేటు బయట వ్యాను నీడలో ఉంది. డ్రైవరు దిగొచ్చి పెద్దమ్మ చేతి సంచీ అందుకున్నాడు. “ఏం పనుంది అక్కా, ఈ ముసలామెను రెండుసార్లు పిలిపించారు?” అని హెడ్‌ఫోనమ్మను అడిగాడు. “ఆరోజు ఆ స్పీకర్లో ఏదో పెడతామని పెట్టలేదు. నాన్నకు చెబితే, మా ఆవిడ గొంతు కూడా అందులో ఉందేమో అడగరా, వినాలనుంది అన్నాడు. ఉందా?”

ఉంది. నూట ఇరవై మూడో నంబరు. పిన్ని కర్ర నేల మీద ఆనించి ఆమె వైపు చూసింది. నూట ఇరవై మూడులో ఆవిడ మాట్లాడింది విత్తనాలు దాచడం గురించి. మధ్యలో ఒకచోట పెద్దకొడుకును పిలిచి మంచం మీద నుంచి దిగమని తిట్టింది. ఇంకేమీ లేదు.

“ఉంది తమ్ముడూ” అంది హెడ్‌ఫోనమ్మ. “ఆవిడ గొంతు మీది. తీసుకుంటారా?”

“తీసుకుంటాం” అన్నాడతను.